ఫ్యాను బిగించే ముందు ఒక్క మాట: శ్రీకాకుళం జిల్లా ఎలక్ట్రీషియన్లకు, మెకానిక్కులకు బహిరంగ లేఖ

జిల్లాలో ఇళ్లకు వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్లకు, మోటార్లు చుట్టే వాళ్లకు, ఏసీ మెకానిక్కులకు, కరెంటు సామాన్ల షాపుల వాళ్లకు నమస్కారం.

ఇలాంటి ఉత్తరాలు మామూలుగా కలెక్టరు గారికో, మంత్రి గారికో రాస్తారు. నేను మీకు రాస్తున్నాను. ఎందుకంటే ఏ ఇంట్లో ఎంత కరెంటు కాలాలో నిజానికి తేలుస్తున్నది మీరే. ఇల్లు కట్టుకునే మనిషి టైల్స్ రంగు కోసం వైజాగ్ దాకా వెళ్లొస్తాడు. ఫ్యాన్ల దగ్గరికి వచ్చేసరికి "అవేవో మీరే చూసి తెచ్చేయండి" అని డబ్బులు మీ చేతిలో పెట్టేస్తాడు. పొలంలో మోటారు కాలిపోతే రైతు నేరుగా మీ కొట్టు ముందు దించుతాడు. ఆ తర్వాత మీరు చెప్పిందే వేదం.

ఏటా డిసెంబరు 14 జాతీయ ఇంధన పొదుపు దినం. ఆ వారమంతా ర్యాలీలు, ఫ్లెక్సీలు, స్కూలు పిల్లల చేత ప్రతిజ్ఞలు. వద్దనను, మంచిదే. కానీ ఆ ర్యాలీల్లో స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్న మనిషి ఒక్కడూ నా కంటికి కనబడలేదు. మిమ్మల్ని ఎవరూ పిలవలేదేమో. ప్రతిజ్ఞ చేసిన పిల్లాడి చేతిలో ఇంట్లో స్విచ్చు ఒక్కటే ఉంటుంది. ఆ స్విచ్చు అవతల ఏముండాలో మీరు ఎప్పుడో నిర్ణయించేసి ఉంటారు.

నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన వాడిని. మీలో కొందరు నా క్లాసులో వెనక బెంచీల్లో కూర్చున్నవాళ్లే. అందుకే కాస్త చనువుగా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

బల్బుల గురించి ఎక్కువ చెప్పను. 2015లో ఉజాలా పథకం మొదలైనప్పటి నుంచి 60 వాట్ల బల్బు ఉన్నచోట 9 వాట్ల ఎల్‌ఈడీ వచ్చి కూర్చుంది. పల్లెల్లోనూ ఆ పని చాలావరకు అయిపోయింది. ఇంకా "లైటు ఆర్పండి, దేశాన్ని కాపాడండి" అని ఫ్లెక్సీలు కట్టడం అయిపోయిన పెళ్లికి మేళం పెట్టడమే. ఇప్పుడు మన ఇళ్లల్లో కరెంటు తినేది నెత్తి మీద తిరిగే ఫ్యాను.

ఒక వేసవిలో నరసన్నపేటలో ఒక షాపులో కూర్చుని ఉండగా ఓ పెద్దావిడ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. "గాలి బాగా రావాల బాబూ, ఇంకేటీ అక్కర్లేదు" అంది. షాపు అబ్బాయి రెండు పెట్టెలు దించాడు. ఒకటి మామూలు ఫ్యాను, పదిహేను వందల చిల్లర. రెండోది బీఎల్‌డీసీ, అంటే బ్రష్‌లు లేని డీసీ మోటారు ఫ్యాను, దానికి మరో పన్నెండు వందలు ఎక్కువ. కొడుకు రెండు ధరలూ చూశాడు, మొదటి పెట్టె చంకలో పెట్టుకున్నాడు. షాపు అబ్బాయి ఒక్క మాట అనలేదు. వాళ్లు వెళ్లాక అడిగితే, "ఖరీదైంది అంటగడుతున్నాడు అనుకుంటారు మేష్టారూ, ఎందుకొచ్చిన తంటా" అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. లెక్క చెప్పకుండా ధర మాత్రమే చెబితే ఎవరైనా అలాగే అనుకుంటారు. కాబట్టి ఆ లెక్కేమిటో చూద్దాం.

మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్ల దాకా లాగుతుంది. మన ఉక్కపోతకి రోజుకి 15 గంటలు తిరుగుతుందనుకుంటే నెలకి దాదాపు 34 యూనిట్లు. అదే గాలి ఇచ్చే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర ఆగుతుంది, నెలకి 14 యూనిట్లు మించవు. ఒక్క ఫ్యాను మీద 20 యూనిట్లు, మూడు ఫ్యాన్ల ఇంట్లో 60 యూనిట్లు మిగిలాయి. ఇక్కడే అందరూ పొరపడే చోటు ఉంది. మన రాష్ట్రంలో స్లాబు లెక్క మెట్లు మెట్లుగా ఉంటుంది. 2022 టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లకి యూనిట్ 1.90 రూపాయలు, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, ఆపైన 400 దాకా 8.75. నెలకి 200 యూనిట్లు కాల్చే ఇంటికి కరెంటు ధర 867 రూపాయలు పడుతుంది. ఆ ఇల్లు 60 యూనిట్లు తగ్గిస్తే తగ్గేవి చవక యూనిట్లు కావు, పై మెట్టులోవి. అంటే 6 రూపాయల చొప్పున 360 రూపాయలు. వాడకం మూడో వంతు కూడా తగ్గలేదు, ధర మాత్రం నూటికి నలభై దాటి తగ్గింది. ఫ్యానుకి ఎక్కువ పెట్టిన పన్నెండు వందలు పది నెలల్లో వెనక్కి వచ్చేస్తాయి.

ఈ లెక్క బిల్లు పుస్తకం వెనక రాసి చూపించడానికి మీకు రెండు నిమిషాలు పట్టదు. "నెలకి 34, నెలకి 14" అని రెండు పెట్టెల మీద స్కెచ్ పెన్నుతో రాసినా చాలు. ఆ పెద్దావిడకి బీఎల్‌డీసీ అంటే ఏమిటో తెలియనక్కర్లేదు. నెలకి నూట ఇరవై రూపాయలు తగ్గుతుందంటే కొడుకుతో ఆవిడే మాట్లాడుకుంటుంది.

మీ వైపు నుంచి వచ్చే అభ్యంతరాలు కూడా నాకు తెలుసు. బీఎల్‌డీసీలో బోర్డు పోతే మన ఊళ్లో దొరకదు, కంపెనీ వాడు వచ్చేసరికి వారం, ఈలోగా తిట్లు తినేది మీరు. మామూలు ఫ్యాను అయితే కండెన్సర్ మార్చేసి వంద తీసుకుని వెళ్లిపోవచ్చు. ఇది నిజమే. అయితే ఆ బోర్డులు పోవడానికి సగం కారణం బిగించే పద్ధతిలోనే ఉంది. పాత రెగ్యులేటర్ తీయకుండా దాని మీదే బీఎల్‌డీసీ ఫ్యాను బిగించేస్తున్నారు. దాని స్పీడు దాని రిమోటుతోనో, దాని స్విచ్చుతోనో మార్చాలి. రెగ్యులేటర్‌ని బైపాస్ చేసి నేరుగా కలపాలి. అమ్మేటప్పుడే వారంటీ కాగితం మీద తేదీ వేసి ఇవ్వాలి. ఇక బోర్డు బాగుచేయడం నేర్చుకునే కుర్రాళ్లు జిల్లాలో పదిమంది తయారైనా, వాళ్లకి పని వెతుక్కోనక్కర్లేదు.

అన్నట్టు కండెన్సర్ అంటే గుర్తొచ్చింది. గాలి రావట్లేదని పిలిస్తే 2.5 తీసేసి 3.15 కండెన్సర్ వేసి స్పీడు పెంచి వెళ్లే అలవాటు కొందరికి ఉంది. ఆ పూటకి ఇంటివాళ్లు సంతోషిస్తారు. వైండింగ్ వేడెక్కుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది, ఫ్యాను ఆయుష్షు తగ్గుతుంది. పోయింది 2.5 అయితే 2.5 వేయండి, రెక్కల మీద దుమ్ము తుడవమనండి. సగం గాలి ఆ దుమ్ము దగ్గరే ఆగిపోతోంది.

ఇదంతా బిల్లు గొడవే అయితే నేను ఇంత పెద్ద ఉత్తరం రాసేవాడిని కాదు. ఒడిశా తాల్చేరు గనుల నుంచి పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రానికి పోయే బొగ్గు మన పలాస, ఆమదాలవలస మీదుగా వెళ్లే రైలు దారినే పోతుంది. గేటు పడితే బండి ఆపుకుని ఆ వ్యాగన్లు లెక్కపెట్టిన వాళ్లమే మనమంతా. ఒక యూనిట్ పుట్టడానికి ముప్పాతిక కేజీకి కాస్త తక్కువ బొగ్గు కాలుతుంది. దేశం మొత్తం మీద సోలారు, జల విద్యుత్తు అన్నీ కలిపి సగటు తీసినా, యూనిట్‌కి సుమారు 0.7 కేజీల కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి చేరుతోంది. ఆ వాయువు పట్టి ఉంచే వేడిలో ఎక్కువ భాగం సముద్రమే తాగుతోంది. వేడెక్కిన సముద్రం తుపానుకి బలం ఇస్తుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అందులో నీటి ఆవిరి పట్టే సామర్థ్యం నూటికి ఏడు పెరుగుతుంది, అందుకే కురిస్తే కుండపోత. ఫలానా తుపాను దీనివల్లే వచ్చిందని వేలు పెట్టి చూపించలేం. వచ్చే తుపాను మరింత బలంగా రావడానికి ఇది దారి వేస్తోందని మాత్రం చెప్పగలం.

తుపాన్ల సంగతి శ్రీకాకుళం వాళ్లకి నేను చెప్పాలా? 2013 అక్టోబరు 12న పైలిన్, సరిగ్గా ఏడాదికి అదే తేదీన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున వజ్రపుకొత్తూరు తీరాన తిత్లీ, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర గులాబ్. తిత్లీ తెల్లారి ఉద్దానంలో కొబ్బరి తోటలు ఎలా పడి ఉన్నాయో, జీడితోటలు వేళ్లతో సహా ఎలా లేచిపోయాయో మీరు చూశారు. స్తంభాలు వంగి, తీగలు తెగి, రోజుల తరబడి చీకట్లో ఉన్న ఊళ్లకి మళ్లీ కరెంటు తెచ్చిన వాళ్లలో లైన్‌మెన్‌తో పాటు మీలో చాలామంది ఉన్నారు. కూలిపోయిన చెట్టు చోట నాటిన కొబ్బరి మొక్క కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అప్పుడు నాటినవి ఇప్పుడిప్పుడే గెల వేస్తున్నాయి.

ఇంకో సంగతి కూడా మన జిల్లాకి ప్రత్యేకం. థర్మల్ కేంద్రాలు వద్దని, బీల, తంపర అనే చిత్తడి భూములు పోతే మా బతుకు పోతుందని జనం నిలబడితే 2010 జులై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఇవాళ రణస్థలం మండలం కొవ్వాడలో అణువిద్యుత్ కేంద్రం అంటున్నారు. దాని మంచిచెడ్డలు ఇక్కడ మాట్లాడను, అది వేరే చర్చ. కానీ కరెంటు ఎక్కడో ఊరికే పుట్టదని, దానికి ఎవరిదో ఒకరి భూమి, నీరు కావాలని ఈ జిల్లా కంటే బాగా ఎవరికి తెలుసు? అలాంటి చోట కరెంటుని వృథాగా వేడిగా మార్చి పారేసే ఫ్యాన్లు, మోటార్లు బిగించడం నాకు సబబుగా తోచదు.

ఇక మోటార్లు. ఇక్కడ మోటార్లు చుట్టే వాళ్లతో కాస్త వివరంగా మాట్లాడాలి. కాలిన మోటారు కొట్టుకి వచ్చిందంటే మీరు చేసేది నేను చాలాసార్లు నిలబడి చూశాను. కాయిల్స్ ఒక పక్క ఉలితో నరుకుతారు. మిగిలిన తీగ గట్టిగా పట్టుకుని ఉంటుంది కాబట్టి మంట పెడతారు. కొందరు గ్యాస్ టార్చి, కొందరు ఏకంగా కట్టెలు పేర్చి దాని మీద స్టేటర్ (మోటారులో తిరగని ఇనుప భాగం) పెట్టేస్తారు. వార్నిష్, కాగితం అన్నీ కాలి మసైపోయాక తీగ సులువుగా ఊడి వస్తుంది. పని తొందరగా అయిపోతుంది. కానీ స్టేటర్ అంటే ఒక ఇనుప ముద్ద కాదు, పల్చటి స్టాంపింగ్‌ల కట్ట. ఒక రేకుకి ఇంకో రేకు తగలకుండా మధ్యలో సన్నటి పూత ఉంటుంది. ఆ పూత మంటకి పోతే రేకుల మధ్య ఎడ్డీ కరెంట్లు, అంటే పనికిరాని సుడి కరెంట్లు, తిరగడం మొదలవుతుంది. అప్పుడు మోటారు నీళ్లు తోడకపోయినా వేడెక్కుతుంది. పైకి కొత్త తీగ, కొత్త వార్నిష్, మోటారు తిరుగుతుంది, రైతు డబ్బులిచ్చి తీసుకెళ్లిపోతాడు. మళ్లీ అదే మోటారు మీ కొట్టుకి వస్తుంది. పొలంలో వోల్టేజి సరిగా లేదని అందరూ కరెంటోళ్లని తిడతారు. లో వోల్టేజి లేదని నేననను. కాకపోతే ఆ నింద మొత్తం వాళ్లదే కాదు.

వేడి అదుపులో పెట్టి తీగ తీయండి. తీగ గేజి తీసిన దాన్ని కొలిచి అదే వేయండి, స్లాట్‌లో తొందరగా పడుతుందని సన్న గేజి వేయకండి. రాగి చోట అల్యూమినియం వేసి రాగి డబ్బులు తీసుకునే వాళ్ల గురించి రాయడం కూడా నాకు ఇష్టం లేదు. చుట్టడం అయ్యాక లోడు లేకుండా తిప్పి టాంగ్ టెస్టర్‌తో కరెంటు ఎంత తీసుకుంటుందో చూడండి. ఆ అంకెని రసీదు మీద రాసివ్వండి. వచ్చేసారి అదే మోటారు వచ్చినప్పుడు ఆ అంకె ఎంత పెరిగిందో మీకే తెలుస్తుంది. మూడోసారి, నాలుగోసారి చుట్టాల్సి వస్తే "ఇది వద్దు బాబూ, ఐఎస్ఐ గుర్తున్న కొత్తది కొనుక్కో" అని చెప్పేయండి.

"రైతుకి బిల్లే రాదు కదా మేష్టారూ, వాడికేటి పట్టింది" అంటారు. 2004లో ఉచిత విద్యుత్తు మొదలైన తర్వాత రైతుకి నాలుగు షరతులు పెట్టారు, గుర్తుందా? ఐఎస్ఐ మోటారు, కండెన్సర్, ఇనుప గొట్టాల బదులు ప్లాస్టిక్ పైపులు, ఒరిపిడి తక్కువుండే ఫుట్‌వాల్వు. ఎన్ని పొలాల్లో ఈ నాలుగూ కనబడతాయో మీకే బాగా తెలుసు. బిల్లు రాకపోయినా నష్టం వస్తుంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లకి కండెన్సర్లు లేకపోతే తీగలో కరెంటు పెరుగుతుంది, చివరి పొలానికి వోల్టేజి పడిపోతుంది, ఆఖరికి ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. నాట్ల టైములో ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఊరు ఊరంతా ఎంత టెన్షన్ పడుతుందో వేరే చెప్పాలా. మూడు హెచ్‌పీ సరిపోయే చోట ఐదు హెచ్‌పీ అడిగితే ఎందుకని ఒక్కసారి అడగండి. "పక్కోడు ఐదు ఏసాడు" అనే జవాబు తప్ప మరో కారణం చాలాసార్లు దొరకదు.

సోలారు పెట్టేవాళ్లకి చిన్న మాట. పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో వచ్చాక మన టౌన్లలోనూ డాబాల మీద పలకలు పెరుగుతున్నాయి. మూడు కిలోవాట్లకి 78,000 రూపాయల దాకా సబ్సిడీ, ఒక్కో కిలోవాటు మీద రోజుకి నాలుగు యూనిట్ల వరకు వస్తుంది, మంచి పనే. కానీ "తుపానొచ్చి కరెంటు పోయినా మనింట్లో ఫ్యాను తిరుగుతాది" అని చెప్పి అమ్మకండి. బ్యాటరీ లేని మామూలు సోలారు, లైను పోగానే తనూ ఆగిపోతుంది. ఆగిపోవాలి కూడా. లేకపోతే మీ డాబా మీద పుట్టిన కరెంటు స్తంభం ఎక్కిన లైన్‌మన్‌ని చంపేస్తుంది. జనరేటరుని, లైను నుంచి దానికి మార్చే చేంజోవర్ స్విచ్చు లేకుండా కలిపేసే వాళ్లకీ ఇదే మాట. పలకల స్టాండుకి యాంకర్ బోల్టుల దగ్గర పిసినారితనం చేయొద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాను. తిత్లీ నాటి గాలి గంటకి 140 కిలోమీటర్లు దాటింది.

చివరగా ఏసీ మెకానిక్కులు. నిజానికి ఈ ఉత్తరం మొదలుపెట్టిందే మీ కోసం. రిమోట్ 24 దగ్గర పెట్టమని, ఒక్కో డిగ్రీ పెంచితే నూటికి ఆరు చొప్పున కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది. 2020 నుంచి కొత్త ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గరే మొదలయ్యేలా వస్తున్నాయి. ఇవి జనానికి కొంచెం తెలుసు. జనానికి అసలు తెలియనిది మీ చేతిలో ఉన్న పైపులోని గ్యాస్ గురించి. చాలా స్ప్లిట్ ఏసీల్లో ఉన్న ఆర్-410ఏ గ్యాస్ ఒక కేజీ గాల్లోకి వదిలితే, వందేళ్ల లెక్కన అది రెండు వేల కేజీలకు పైగా కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. పాత ఆర్-22 కూడా ఇంచుమించు అంతే. అంటే సుమారు మూడు వేల యూనిట్ల కరెంటు కాల్చినంత. నెలకి 200 యూనిట్లు వాడే ఇల్లు ఏడాదిపైన మూడు నెలలు కాల్చే కరెంటు అది. పైన చెప్పినట్టు మూడేసి ఫ్యాన్లు నాలుగు ఇళ్లలో ఏడాదంతా తిరిగి మిగిల్చింది, మీరు వాల్వు విప్పి "బుస్" మని వదిలేసిన అర నిమిషంలో పోతుంది.

ఏసీలో గ్యాస్ స్కూటర్లో పెట్రోలులా అయిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉంది. లీకు వెతక్కుండా ఏటేటా టాపప్ కొట్టడం అంటే కస్టమర్ డబ్బులు, గ్యాసు రెండూ గాలికి పోయడమే. బారువ, కళింగపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి ఔట్‌డోర్ కాయిల్ తొందరగా తినేస్తుంది, అక్కడ ఇది మరీ ఎక్కువ. నైట్రోజన్ పట్టి సబ్బునీళ్లతో జాయింట్లు చూడండి, అతికించాకే గ్యాస్ నింపండి. ఏసీ ఒక గదిలోంచి ఇంకో గదికి మార్చేటప్పుడు పంప్ డౌన్ చేసి గ్యాస్‌ని ఔట్‌డోర్‌లోకి లాగేయడం మీ అందరికీ వచ్చు, తొందరలో మానేస్తున్నారు. కొత్తది కొనేవాళ్లు అడిగితే ఆర్-32 చెప్పండి, దాని ప్రభావం 410ఏలో మూడో వంతే. అయితే అది కొద్దిగా అంటుకునే గుణం ఉన్నది, బ్రేజింగ్ చేసేటప్పుడు జాగ్రత్త. ఈ గ్యాస్‌లని తగ్గిస్తూ పోవాలని 2016లో రువాండా రాజధాని కిగాలిలో దేశాలన్నీ ఒప్పుకున్నాయి, 2021లో మన దేశమూ సంతకం ఖాయం చేసింది. ఆ ఒప్పందం అమలయ్యేది ఢిల్లీలో కాదు, శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ పక్క సందులో మీరు నిచ్చెన వేసుకున్న చోట.

పాత ఏసీ తుక్కుకి పోయేటప్పుడు గ్యాస్ తీసి పట్టుకోవడానికి రికవరీ మెషీను, సిలిండరు కావాలి. ఒక్కరు కొనాలంటే భారమే. టౌనులో నలుగురైదుగురు కలిసి ఒకటి కొనుక్కుని, పని ఉన్నవాళ్లు రోజు అద్దెకి తీసుకోవచ్చు. సెంట్రింగ్ సామాను మన ఊళ్లల్లో అలాగే తిరుగుతోంది.

ఈ డిసెంబరు 14కి ర్యాలీ చేసేవాళ్లు ఎలాగూ చేస్తారు. మీరు మాత్రం ఆ రోజు ఒక పూట షాపు ముందు టేబులు వేసి, రెండు ఫ్యాన్లు పక్కపక్కన తిప్పి, ఒక్కోదానికి వాట్ మీటరు తగిలించండి. దారిన పోయేవాళ్లే ఆగి చదువుకుంటారు. స్కూల్లో ప్రయోగాలకి వాడిన మీటర్లు రెండు నా దగ్గర ఇంకా పనిచేస్తున్నాయి. కావాలన్న వాళ్లకి తెచ్చి ఇస్తాను, మళ్లీ తిరిగి ఇచ్చేయాలి మరి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైన్సు మేష్టారు,
టెక్కలి